తనకల్లు నుంచి కొలిచిన ఆకాశం

కరువు సీమగా పేరుపడ్డ పాత అనంతపురం జిల్లాకు ఆగ్నేయపు కొనన ఉంది తనకల్లు. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో రెండోదని దీన్ని లెక్కగడతారు. మబ్బు రావడమే వింతైన ఈ ఆకాశానికి ఇంకో విశేషం ఉంది. పటం మీద తనకల్లు దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి 100 కిలోమీటర్ల వృత్తం గీస్తే, అందులో మూడు విమానాశ్రయాలు పడతాయి. పుట్టపర్తి సుమారు 50 కిలోమీటర్లు, కడప 90, బెంగళూరు కెంపేగౌడ 95. వృత్తాన్ని 150కి పెంచితే రేణిగుంట దగ్గరి తిరుపతి విమానాశ్రయం అంచుకు తగులుతుంది. 200కు పెంచితే కర్నూలు జిల్లా ఓర్వకల్లు కూడా లోపలికి వస్తుంది. మొత్తం ఐదు! ఈ లెక్కలన్నీ పక్షి ఎగిరే సూటి దూరాలు. ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అనుకోవచ్చు.

అన్నిటిలోకీ దగ్గరది పుట్టపర్తి. 1990 నవంబర్ 24న ప్రారంభమైంది. ప్రభుత్వానిది కాదు, శ్రీ సత్యసాయి ట్రస్టుది. రన్‌వే రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఊరికి రైలు స్టేషన్ 2000 నవంబర్‌లో వచ్చింది. అంటే అక్కడ విమానం దిగిన పదేళ్లకు గానీ రైలు కూత వినబడలేదు! దేశంలో చాలా పట్టణాలకు ముందు రైలు, ఆ తర్వాత విమానం. పుట్టపర్తిలో వరస తిరగబడింది. ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు ఇక్కడికి టికెట్టు మీద వచ్చి పోయేవి. ఇప్పుడు దిగేవి ఎక్కువగా ప్రత్యేక విమానాలే, ప్రముఖుల విమానాలే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. జిల్లా కేంద్రంలో రన్‌వే ఉంది, తనకల్లు రైతు కొనగలిగే రోజువారీ టికెట్టు మాత్రం లేదు. దూరంలో మొదటి స్థానం, అందుబాటులో ఆఖరి స్థానం. ఈ రెండు రికార్డులూ ఒకే విమానాశ్రయానివి కావడం ఈ ప్రాంతపు అన్నిటికన్నా పెద్ద వింత.

ఆ 50 కిలోమీటర్లను అతి వేగంగా దాటగలిగింది ఏది? మనిషి నడిపిన జెట్ విమానాల్లో వేగానికి రారాజు అమెరికా వాళ్ల ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్. 1976 జూలై 28న గంటకు 3,529 కిలోమీటర్లు దాటి ప్రపంచ రికార్డు కొట్టింది. దాన్ని కొట్టిన విమానం ఇప్పటికీ లేదు. అదే వేగంతో తనకల్లు మీద ఎగిరితే పుట్టపర్తి రన్‌వే కొస చేరడానికి 51 సెకన్లు చాలు. కదిరికి పోయే బస్సులో కండక్టర్ ఒక టికెట్టు కొట్టి చిల్లర ఇచ్చేలోపు!

ఇంచుమించు అంతే సమయం పట్టే ప్రయాణికుల విమానం కూడా ఉంది. ప్రపంచంలో అతి పొట్టి విమాన సర్వీసు అదే. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు, 2.7 కిలోమీటర్లు. 1967 నుంచీ లోగన్‌ఎయిర్ నడుపుతోంది. టైంటేబుల్లో రాసే సమయం రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే నిమిషంన్నర. రికార్డు 53 సెకన్లు. ఆ రికార్డు పైలట్ స్టూవర్ట్ లింక్‌లేటర్‌ది. ఆయన ఆ రెండు దీవుల మధ్య 12,000 సార్లకు పైగా ఎగిరారు. విమానం కూడా చిన్నదే, ఎనిమిది మంది ప్రయాణికులు పట్టే ఐలాండర్. పైలట్ పక్క సీట్లో కూడా ప్రయాణికుడే కూర్చుంటాడు. పాపా వెస్ట్రే జనాభా వందలోపే. వంద మందికి దినమూ విమానం నడుపుతున్నారు! ఈ ఒక్క వాక్యం రాయలసీమ వాళ్లు రెండుసార్లు చదవాలి.

మన దగ్గర రెండు విమానాశ్రయాల మధ్య అతి తక్కువ ఎడం ఎక్కడ? తనకల్లు చుట్టుపక్కల కిరీటం చెన్నై–తిరుపతి జంటది. 98 కిలోమీటర్లే. వెంటనే పుట్టపర్తి–బెంగళూరు, 105. ఆ తర్వాత పుట్టపర్తి–కడప, 113. నాలుగోది కడప–తిరుపతి, 128. కోస్తాలో పోటీకి నిలిచేది విజయవాడ–రాజమండ్రి, అది 126. తెలంగాణ వైపు హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్–ఓర్వకల్లు 171. ఈ జంటల్లో దేని మధ్య చూసినా రోడ్డు దూరం ఇంతకన్నా బాగా ఎక్కువ. కొండలు, చెరువు కట్టలు, ఊళ్లు, వంకలు చుట్టుకుంటూ పోవాలి మరి.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న. 100 కిలోమీటర్ల దూరానికి గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోయే ఎయిర్‌బస్ 320 ఎంతసేపు తీసుకోవాలి? లెక్క ప్రకారం ఏడు నిమిషాలు. నిజానికి అరగంటకు తగ్గదు. ఎందుకంటే విమానం ఎక్కినంత నింపాదిగా దిగాలి. పైలట్లకు ఒక మోటు లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు ముందుగా మొదలు పెట్టాలి. 35,000 అడుగుల నుంచి నేలకు రావాలంటే దిగడానికే 190 కిలోమీటర్లు కావాలి. బెంగళూరు–కడప సూటి దూరం 185! అంటే ఆ దారిలో జెట్ విమానం అంత ఎత్తుకు ఎక్కడమే కుదరదు, బెంగళూరు వదలకముందే దిగడం మొదలుపెట్టాల్సి వస్తుంది. అందుకే చిన్న దూరాలకు జెట్ కన్నా ఏటీఆర్ మేలు. రెక్కల మీద పంకాలు తిరిగే 70 నుంచి 78 సీట్ల విమానం అది. వేగం గంటకు 510 కిలోమీటర్లు. 17,000 అడుగుల దరిదాపుల్లోనే ఎగురుతుంది, ఇంధనం తక్కువ తాగుతుంది, కిలోమీటరున్నర లోపు రన్‌వే మీంచే లేచిపోతుంది.

టికెట్టు మీద రాసే సమయం ఇంకా పెద్దది. అది గాల్లో ఉన్న సమయం కాదు. విమానం చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి, దిగిన చోట మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్క. రన్‌వే దాకా దొర్లడం, వరసలో ఆగడం, దిగాక మళ్లీ దొర్లడం అన్నీ అందులో కలిసే ఉంటాయి. అందుకే రెండు ఊళ్ల మధ్య విమాన సమయం నోటితో చెప్పాలంటే తేలికైన సూత్రం ఒకటి వాడతారు: దూరాన్ని 800తో భాగించి, వచ్చిన దానికి అరగంట కలుపు. హైదరాబాద్–తిరుపతి 416 కిలోమీటర్లకు ఒక గంట వస్తుంది. టైంటేబుల్ దానికి ఇంకో పది పదిహేను నిమిషాలు చేర్చుకుంటుంది. చిన్న దూరానికి ఈ అరగంటే అసలు ప్రయాణం. పెద్ద దూరానికి అది చిల్లర.

దగ్గరి దారుల్లో రద్దీకి ప్రపంచ ఛాంపియన్ దక్షిణ కొరియాది. సియోల్ గింపో నుంచి జేజు దీవికి దూరం 450 కిలోమీటర్లు, ఏడాదికి కోటికి పైగా సీట్లు. ఇంచుమించు అంతే దూరం మనకూ ఉంది. హైదరాబాద్–బెంగళూరు, 454. ఈ రెండు నగరాల మధ్య సూటిగా గీత గీయండి. అది పుట్టపర్తి రన్‌వేకు తూర్పుగా పది కిలోమీటర్ల లోపే పోతుంది, తనకల్లుకు పడమరగా 40 కిలోమీటర్లలో. దక్షిణాదిలోని రెండు పెద్ద విమానాశ్రయాలను కలిపే గీత కరువు సీమ నడినెత్తిన పడింది. ఒక చివర 2023–24లో మూడు కోట్ల 75 లక్షల మంది, రెండో చివర రెండున్నర కోట్ల మంది విమానాలు ఎక్కి దిగారు. దారి మధ్యలో ఉన్న పుట్టపర్తి రన్‌వే మీద టికెట్టు కొన్న ప్రయాణికులు సున్నా.

ఈ చుట్టుపక్కల అతి గొప్ప రోజు ఏదంటే 2017 ఏప్రిల్ 27 అంటాను. సామాన్యుడికి విమానం అనే ఉడాన్ పథకం కింద దేశంలో మొట్టమొదట కదిలిన సర్వీసులు మూడే. సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్, మూడోది కడప–హైదరాబాద్! ప్రధాని సిమ్లాలో జెండా ఊపారు. కడప దారిలో ఎగిరింది హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ వారి ఏటీఆర్. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, పథకం సీట్ల ధర 2,500 రూపాయలకు మించకూడదని అప్పటి నిబంధన. కడప–హైదరాబాద్ సూటిగా 304 కిలోమీటర్లు. ముంబై కాదు, కోల్‌కతా కాదు. దేశమంతా చూస్తుండగా మొదటి మూడు పేర్లలో ఒకటి రాయలసీమది కావడం చిన్న విషయం కాదు. ఆ మూడింట్లో రెండు దారులు తెలుగు నేల మీదే వాలాయన్నది ఇంకో విశేషం.

కడపలో టికెట్టు విమానం అంతకు రెండేళ్ల ముందే దిగింది, 2015 జూన్ 7న. బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ ఏటీఆర్. ఆ సంస్థ నిండా పదహారు నెలలు కూడా నిలవలేదు. 2016లోనే మూతపడింది. తర్వాత ట్రూజెట్ వచ్చింది, 2022లో అదీ ఆగింది. అదే ఏడు ఇండిగో వచ్చి అందుకుంది. ఏడేళ్లలో ముగ్గురు చేతులు మారినా దారి మాత్రం మిగిలింది. చిన్న విమానాశ్రయానికి అసలు పరీక్ష రన్‌వే వేయడం కాదు, దాని మీద రోజూ విమానం దిగేలా చూడడం.

వయసులో అందరికన్నా చిన్నది ఓర్వకల్లు. 2021 మార్చి 25న ప్రారంభం, 28న మొదటి విమానాలు. పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన రేనాటి వీరుడి పేరు ఇప్పుడు విమానం తలుపు తెరుచుకోగానే వినబడుతుంది. విస్తీర్ణం 1,008 ఎకరాలు, రన్‌వే సరిగ్గా 2,000 మీటర్లు. తనకల్లు వాళ్లకు దీనిలో ఒక తమాషా ఉంది. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, 78 డిగ్రీల పైన. దిక్సూచిలో ముల్లు ఉత్తరం చూపిస్తుంటే సరిగ్గా ఆ సూటినే 199 కిలోమీటర్లు పోతే ఓర్వకల్లు.

పాతదనంలో మాత్రం కిరీటం పక్కనున్న బళ్లారిది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో చిన్న పుస్‌మాత్ విమానం ఎక్కి, అహ్మదాబాద్‌లో ఆగి, బొంబాయి జుహూలో దిగారు. మోసుకొచ్చింది పాతిక కిలోల టపా. అక్కడి నుంచి ఆ మూటను మద్రాసుకు నడిపించింది నెవిల్ విన్సెంట్. దారిలో మజిలీ బళ్లారి! దేశపు మొదటి విమానయాన సంస్థ మొట్టమొదటి ప్రయాణంలోనే దత్త మండలాల నేల మీద చక్రం ఆనింది. అనంతపురం జిల్లా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే. 1932 నాటికి హైదరాబాద్‌కు ఇంకా ఊరూరా తెలిసిన విమాన మార్గం లేదు. బేగంపేట అదే దశాబ్దంలో రూపు దిద్దుకుంటోంది. బెంగళూరు పేరు ఆ పటంలో లేదు. కరువు పీఠభూమి మాత్రం ఉంది. పుస్‌మాత్ వేగం గంటకు 160 కిలోమీటర్లు. కదలికలు చెప్పే టవరు లేదు, రేడియో లేదు. కింద కనబడే రైలు పట్టాలూ ఏళ్లూ చూసుకుంటూ దారి పట్టుకునేవారు. ఈ మార్గం గురించి మన పాఠ్యపుస్తకాల్లో కనీసం ఒక పేరా ఉండాల్సింది.

అంతకన్నా పాతది కావాలంటే అలహాబాద్ పోవాలి. 1911 ఫిబ్రవరి 18, హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు, 6,500 ఉత్తరాలు, అలహాబాద్ నుంచి నైనీకి పది కిలోమీటర్లు, 13 నిమిషాలు. ప్రపంచంలోనే మొదటి అధికారిక విమాన టపా. వేగం గంటకు 46 కిలోమీటర్లు!

రన్‌వే పొడవులో భారత ఛాంపియన్ ఢిల్లీ, 4,430 మీటర్లు. తెలుగు రాష్ట్రాల్లో మొదటి స్థానం శంషాబాద్‌ది, 4,260. తనకల్లుకు దగ్గరున్న దేవనహళ్లిలో, అంటే బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో, 4,000 మీటర్ల రన్‌వేలు ఒకటి కాదు, రెండు. రెండోది 2019 డిసెంబర్‌లో తెరిచారు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంలో 3,360. ఓర్వకల్లుది సరిగ్గా శంషాబాద్ దాంట్లో సగం కూడా లేదు. చివరి ర్యాంకు కరీబియన్ సముద్రంలోని సాబా దీవిది. టికెట్టు విమానాలు దిగే రన్‌వేల్లో ప్రపంచంలోనే అతి పొట్టిది. నాలుగు వందల మీటర్లు, రెండు కొసల్లోనూ కొండ అంచు, కింద సముద్రం. శంషాబాద్ రన్‌వే మీద అలాంటివి పది వరసగా పేర్చినా ఇంకా 260 మీటర్లు మిగులుతుంది.

సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే మన చుట్టుపక్కల ఎత్తైన పీఠం బెంగళూరుది, 915 మీటర్లు. శంషాబాద్ 617. విశాఖపట్నం ఐదారు మీటర్లే, ఇంచుమించు సముద్రంతో సమానం. దేశంలో తొలి స్థానం లేహ్‌ది, 3,256 మీటర్లు. ప్రపంచంలో చైనాలోని దావోచెంగ్ యాదింగ్‌ది. 2013లో తెరిచారు, ఎత్తు 4,411 మీటర్లు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తితే గానీ విమానం లేవదు. ఎండ కూడా అదే పని చేస్తుంది. వేడెక్కిన గాలీ పలచనే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో రాయలసీమ రన్‌వే మీంచి లేచే విమానం, జనవరి తెల్లవారుజామున లేచిన దానికన్నా ఎక్కువ దూరం దొర్లుతుంది. ఒక్కోసారి బరువు కూడా తగ్గించుకోవాల్సి వస్తుంది.

విమానం ఎగిరే ఎత్తును తాటిచెట్లతో కొలుద్దాం. నిలువుగా పెరిగిన తాడి 20 మీటర్లు. ఢిల్లీ విమానాశ్రయపు కంట్రోల్ టవరు 102 మీటర్లు, ఐదు తాళ్ల ఎత్తు. శంషాబాద్ టవరు 75, నాలుగింటికి కాస్త తక్కువ. ఎవరెస్టు 442 తాళ్లు. తనకల్లు మీంచి తెల్లటి చార వదులుతూ పోయే జెట్ 35,000 అడుగుల్లో ఉంటే, అది 533 తాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత పైన!

తనకల్లు నుంచి శంషాబాద్ సూటిగా 368 కిలోమీటర్లు. ఈ దూరం మీద వేగాల పందెం పెడదాం. జె.ఆర్.డి. పుస్‌మాత్‌కు రెండు గంటల 18 నిమిషాలు. ఏటీఆర్‌కు 43 నిమిషాలు. ఎయిర్‌బస్ 320కి 27. 2003లో విశ్రాంతి తీసుకున్న కాంకర్డ్‌కు పది. బ్లాక్‌బర్డ్‌కు ఆరుంబావు. రాత్రి బస్సు ఎక్కితే తెల్లారుతుంది. ఇక ఈ పందెంలో పాల్గొనకుండానే ఎయిర్‌బస్‌ను ఓడించేది ఒకటుంది. భూమి. తనకల్లు ఉన్న అక్షాంశం దగ్గర నేల పడమర నుంచి తూర్పుకు గంటకు 1,620 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. రచ్చబండ మీద కదలకుండా కూర్చున్న పెద్దాయన, నెత్తిన ఎగిరే జెట్ కన్నా దాదాపు రెట్టింపు వేగంలో ఉన్నాడు! ఈ పందెంలో ఆయన్ను దాటగలిగింది కాంకర్డ్, దాని వేగం 2,180. ఇంకా పైన బ్లాక్‌బర్డ్.

పక్కనే విశ్వవిజేత ఒకటి కదలకుండా నిలబడి ఉంది. తిమ్మమ్మ మర్రిమాను, తనకల్లుకు సుమారు 20 కిలోమీటర్లు. కొమ్మలు పరుచుకున్న విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు. వెయ్యికి పైగా ఊడలు. 1989లో గిన్నిస్ పుస్తకం ప్రపంచంలో అతి పెద్ద మర్రిగా నమోదు చేసింది. దీని నీడను విమానాలతో కొలవాలని నాకెప్పటి నుంచో కోరిక. పొడవును రెక్కల వెడల్పుతో గుణించి లెక్కేస్తే, ఏటీఆర్‌లు పాతిక దీని కింద పడతాయి. ఎయిర్‌బస్ 320లు పద్నాలుగు. అమెరికా దాకా ఆగకుండా పోయే భారీ బోయింగ్ 777–200ఎల్‌ఆర్‌లు నాలుగు, పైన ఇంకో సగం విమానం చోటు. ఒక్క విత్తనం, నాలుగు బోయింగ్‌లు! కెంపేగౌడ టెర్మినల్ చూడ్డానికి జనం పోతారు. ఈ చెట్టు కింద నిలబడి పైకి చూసినా అదే నోరు తెరుచుకుంటుంది.

కిటికీ సీట్లోంచి ఈ ప్రాంతంలో గుర్తుపట్టగలిగే అతి పెద్ద కట్టడం కూడా పక్క మండలంలోనే ఉంది, నంబులపూలకుంట సౌర విద్యుత్ పార్కు. అనుకున్న సామర్థ్యం 1,500 మెగావాట్లు, భూమి దాదాపు 7,900 ఎకరాలు. శంషాబాద్ విమానాశ్రయం 5,500 ఎకరాలు, దేవనహళ్లి 4,000. రెండూ చెరి ఒక దిక్కున గొప్ప చెప్పుకున్నా, విడివిడిగా ఏదీ నంబులపూలకుంటకు సాటి రాదు. వాన ఇవ్వని ఆకాశం కరెంటు ఇస్తోంది.

వాన కోసమే వచ్చిన విమానాలూ ఉన్నాయి. 2000 దశకంలో రాష్ట్ర ప్రభుత్వం మేఘమథనం చేయించింది. చిన్న విమానాలు రాయలసీమ మబ్బుల్లోకి దూరి ఉప్పు జాతి రసాయనాల పొగ వదిలేవి. ఆ రేణువుల చుట్టూ తేమ చేరి చినుకై పడాలని ఆశ. ఆ రోజుల్లో శెనక్కాయ రైతు తల పైకెత్తి చూసిన విమానం ఎవరినీ ఎక్కడికీ చేర్చేది కాదు. మబ్బు లేని రోజున దానికీ పనిలేదు. మథనానికి ముందు మేఘం ఉండాలి కదా.

కడప, రాయచోటి, కదిరి, మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లకు అతి ముఖ్యమైన విమాన మార్గం ఏదంటే ఎవరైనా ఒకే పేరు చెబుతారు, కువైట్. బెంగళూరు నుంచి సూటిగా 3,540 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి 3,370, చెన్నై నుంచి 3,780. గాల్లో నాలుగున్నర నుంచి ఐదు గంటలు. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అందువల్ల ఐదు గంటలు ఎగిరినా, దిగినచోట గోడ గడియారంలో రెండున్నర గంటలే గడిచి ఉంటాయి. వచ్చేటప్పుడు ఆ బాకీ తీరిపోతుంది. ఈ ప్రయాణంలో అతి నెమ్మదైన భాగం సముద్రం మీద కాదు, దేవనహళ్లి దాకా. బాడుగ కారులో ఇల్లంతా కూర్చుని సాగనంపడానికి వెళ్లే ఆ 95 కిలోమీటర్ల సూటి దూరం, రోడ్డు మీద మలుపులు తిరిగి ఎంతో సాగుతుంది. మూడు గంటల ముందే చేరాలి, దానికి ముందు ఇంకో మూడు గంటలు బయలుదేరాలి. కలిపి చూస్తే అరేబియా సముద్రం దాటడం కన్నా, అది దాటడానికి సిద్ధం కావడమే ఎక్కువసేపు. వందల ఊళ్లకు తెలిసిన ఈ లెక్క టికెట్టు మీద ఎక్కడా అచ్చు కాదు. పుట్టపర్తి రన్‌వే నుంచి శంషాబాద్‌కో చెన్నైకో రోజుకు ఒక్క ఏటీఆర్ లేచినా వీళ్ల రాత్రుళ్లు సగానికి తగ్గుతాయి.

దేవనహళ్లి నుంచి లేచిన వాటిలో అతి పొడవైన ప్రయాణం శాన్‌ఫ్రాన్సిస్కోకు, 13,990 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా దీన్ని మొదలుపెట్టినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు వచ్చిన తొలి విమానాన్ని నడిపింది అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనవరే, కెప్టెన్ శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా 17 గంటలకు పైగా ఎగిరి జనవరి 11న దిగారు. ప్రపంచ పటాన్ని గోడకు తగిలించి చూస్తే ఈ దారి అర్థం కాదు. గోళానికి దారం బిగించి చూస్తేనే ధ్రువం మీదుగా పోవడం దగ్గరని తెలుస్తుంది. సరిగ్గా నాలుగు రోజులకు, జనవరి 15న, శంషాబాద్ నుంచి షికాగోకు విమానం లేచింది. తెలుగు నేల నుంచి అమెరికాకు మధ్యలో ఆగకుండా వెళ్లిన తొలి సర్వీసు, 13,280 కిలోమీటర్లు, 238 సీట్ల బోయింగ్ 777–200ఎల్‌ఆర్. దాని ఇంధన ట్యాంకుల్లో పట్టేది ఒక లక్షా 81 వేల లీటర్లు! మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎక్కిన వాళ్లు 16 గంటల పైచిలుకు ఎగిరి, అదే రోజు సాయంత్రం షికాగోలో దిగారు.

దూరంలో నేటి ప్రపంచ ఛాంపియన్ సింగపూర్–న్యూయార్క్, 15,349 కిలోమీటర్లు, 18 గంటల పైన. కానీ సమయంలో అసలు రికార్డు ఇప్పటిది కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 1943 నుంచి 1945 దాకా క్వాంటాస్ కాటలీనా విమానాలు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సింహళం కొగ్గలకు ఎగిరేవి. దూరం 5,650 కిలోమీటర్లే, న్యూయార్క్ దారిలో మూడో వంతు కొంచెం పైన. సమయం 27 నుంచి 33 గంటలు. ఒక్క ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసేవారు. జపాన్ విమానాలకు దొరక్కుండా రేడియో కట్టేసి, నక్షత్రాలు చూసి దారి పట్టేవారు. మొత్తం 271 సార్లు దాటారు, ఒక్క విమానం కూడా పోలేదు. వెస్ట్రే దీవి 53 సెకన్లకు ఇది అవతలి కొస. రెండింటి మధ్య తేడా రెండు వేల రెట్లు.

చివరిగా, తనకల్లుకు భూమి మీద అతి దూరపు విమానాశ్రయం ఏది? గోళంలో తనకల్లు దగ్గర పొడిచిన సూది అవతల పసిఫిక్ మహాసముద్రంలో, నీళ్లలో తేలుతుంది. అక్కడికి అతి దగ్గరగా మనుషులున్న నేల ఈస్టర్ దీవి. రాతి విగ్రహాలకు ప్రసిద్ధి, చిలీ దేశానిది. అక్కడి మాతవేరి విమానాశ్రయం తనకల్లుకు సుమారు 18,300 కిలోమీటర్లు. చిలీ రాజధాని శాంటియాగోకే 3,750. అంత ఒంటరి చోట రన్‌వే 3,318 మీటర్లు. అమెరికా అంతరిక్ష నౌకలు ఆపదలో దిగడానికి 1980ల్లో పొడిగించారు. ఏ అంతరిక్ష నౌకా దిగలేదు. ఎనిమిది వేల మంది ఉన్న ఆ దీవికి శాంటియాగో నుంచి టికెట్టు విమానాలు మాత్రం క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నాయి.